ఐదు నక్షత్రాల మొహమాటం

రోజారమణి పనిచేసే బల్ల సొరుగులో పద్నాలుగు పొడుగు నోటుబుక్కులు ఉన్నాయి. మొదటిదాని అట్ట మీద రెండువేల పదహారు, జూన్ ఒకటి అని తేదీ ఉంది. ఏది తెరిచినా ఒకటే తీరు: ఎడమవైపు ఒక అంకె, కుడివైపు ఒక అంకె, రెండూ సమానమైతే నడుమ ఒక నిలువు గీత. ఇంజనీరింగు కాలేజీల నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు వాటిని చూసి ముసిముసిగా నవ్వుకునేవారు. కంప్యూటరు చేసే లెక్కకు కాగితం మీద కాపలా ఏమిటని వాళ్ల ఉద్దేశం. ఆ అలవాటు ఏ ఇంట్లో పుట్టిందో అడిగి తెలుసుకునే ఓపిక వాళ్లలో ఒక్కరికీ లేకపోయింది. ఈ కాలపు చదువుల్లో ఆ ఓపికకు మార్కులు వేసేవారు లేరు గనుక వాళ్లను మాత్రం అని ఏం లాభం.

అది గట్టుప్పలలో ఒక మగ్గం ఇంట్లో పుట్టింది. రోజారమణి తండ్రి నరహరి చీరెలు నేసేవాడు. తల్లి వెంకటనర్సమ్మ ఆసు పోసేది. చట్రానికి వరుసగా కొట్టిన మేకుల చుట్టూ చీరె పేకకు కావలసిన దారాన్ని పోగు తర్వాత పోగుగా తిప్పడమే ఆసు. రోజుకు కొన్ని వేలసార్లు చేయి అటూ ఇటూ ఆడాలి. ఆ పోగులకు కట్లు కట్టి, రంగులో ముంచి, కట్లు విప్పాక మగ్గం దగ్గరికి పంపుతారు. ఒక్క పోగు తప్పినా చీరె మీద పువ్వు వంకరపోతుంది. అందుకని వెంకటనర్సమ్మ కట్టక ముందు పోగులు లెక్కపెట్టి గోడ మీద సుద్దతో రాసేది. విప్పాక మళ్లీ లెక్కపెట్టి పక్కనే రాసేది. 'పోయిన లెక్క, వచ్చిన లెక్క' అని వాటికి పేరు. ఆమె బడి ముఖం చూడలేదు. అంకెలు మాత్రం ఎవరినో అడిగి పట్టుబట్టి నేర్చుకుంది. కూతురు ఏడేళ్ల వయసు నుంచీ ఆ గోడ దగ్గర నిలబడి రెండు అంకెలూ పైకి చదివి వినిపించేది.

ఆ పిల్లే నల్లగొండ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి, పట్టణం నుంచి పానగల్ పోయే దారిలో ఉన్న మురళీమోహన్ వర్క్‌షాపులో డ్రాయింగులు గీసే పనికి కుదిరింది. మేళ్లచెరువు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలకు ఇనుప తొట్లు, స్తంభాలు, మెట్లు చేసి పంపే వర్క్‌షాపు అది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మురళీమోహన్, హైదరాబాదు కంపెనీ ఒకటి తయారుచేసిన 'భారవాహి' అనే సాఫ్ట్‌వేర్‌ను కొన్నాడు. దాన్ని నడపడానికి ఇద్దరు బీటెక్ కుర్రాళ్లను పెట్టుకున్నాడు. ఆరు నెలలు తిరక్కముందే ఇద్దరూ పెద్ద ఉద్యోగాలు చూసుకుని వెళ్లిపోయారు. సాఫ్ట్‌వేర్, రోజారమణి మిగిలారు. మధ్యాహ్నం అన్నం డబ్బా పక్కన పెట్టుకుని, సహాయ పుస్తకంలో రోజుకు రెండు పేజీల చొప్పున చదివి, ఏడాదిన్నరలో ఆమె దాన్ని వశం చేసుకుంది. జీతం కాగితంలో మాత్రం ఆమె హోదా 'ట్రేసర్' అనే ఉండేది. ట్రేసింగు కాగితం ఆ వర్క్‌షాపులో కనబడక పదేళ్లు దాటింది. కాగితం పోయినా ఆ పేరు పోలేదు, ఎందుకంటే ఆ పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు.

భారవాహి చేసే పనిని ఫైనైట్ ఎలిమెంట్ విశ్లేషణ అంటారు. పేరు చూసి జడుసుకోనక్కర్లేదు. ఒక పెద్ద ఇనుప తొట్టిని ఉన్నదున్నట్టుగా లెక్కకట్టడం ఎవరి తరమూ కాదు. కాబట్టి దాన్ని వేల చిన్న గళ్లుగా విడదీస్తారు. గడి మూలల్లో ఉండే బిందువును నోడ్ అంటారు. బరువు పడ్డప్పుడు ఒక్కొక్క నోడ్ ఎంత జరుగుతుందో, ఒక్కొక్క గడి ఎంత ఒత్తిడి మోస్తుందో కంప్యూటరు లెక్కించి రంగుల్లో చూపిస్తుంది. పచ్చగా ఉంటే భద్రం, ఎర్రగా ఉంటే ప్రమాదం. రోజారమణి లెక్క మొదలుపెట్టే ముందు నోడ్లు ఎన్ని ఉన్నాయో ఎడమవైపు రాసుకునేది. లెక్క ముగిశాక ఎన్ని ఉన్నాయో కుడివైపు రాసుకునేది. ఏ సహాయ పుస్తకంలోనూ ఆ మాట లేదు. గట్టుప్పల గోడ మీద ఉంది.

రెండువేల ఇరవై రెండు ఫిబ్రవరిలో ఒక ఫ్యాక్టరీకి క్లింకర్ తొట్టి చేయవలసి వచ్చింది. సున్నపురాయిని కొలిమిలో కాల్చగా వచ్చే వేడి గులకలను క్లింకర్ అంటారు. తొట్టి బరువంతా నాలుగు బ్రాకెట్ల మీద కూర్చుంటుంది. అవి గాక, తొట్టి పక్కకు ఊగకుండా నాలుగు అడ్డుపలకలు ఉంటాయి. వేడికి తొట్టి ఉబ్బుతుంది గనుక అడ్డుపలకకూ తొట్టికీ మధ్య పది మిల్లీమీటర్ల సందు వదులుతారు. అవి బరువు మోయవు, మోయకూడదు. తొట్టి కింద బెల్టు నడుస్తుంది. బెల్టు దగ్గర రాత్రింబవళ్లు మనుషులు ఉంటారు.

తొట్టికి పన్నెండు మిల్లీమీటర్ల ప్లేటు సరిపోతుందనీ, మొత్తం పదకొండు టన్నులు దాటదనీ మురళీమోహన్ ఫ్యాక్టరీవాళ్లకు మాట ఇచ్చాడు. భారవాహి ఎనిమిదో విడుదలలో లెక్క కట్టి చూస్తే బ్రాకెట్ల దగ్గర ఎర్రగా వచ్చింది. ఇంతలో, అంతకు ముందు ఏడే బజారుకెక్కిన తొమ్మిదో విడుదల ఈ వర్క్‌షాపుకూ చేరింది. కొత్త సౌకర్యాల జాబితాలో మొదటిది 'స్వయం కలయిక': పక్కపక్కన ఉన్న ముక్కలను మనిషి ఒక్కొక్కటిగా కలపనక్కర్లేకుండా సాఫ్ట్‌వేరే చూసి కలుపుతుందట. నిజంగానే నలభై నిమిషాల పని తొమ్మిది నిమిషాల్లో అయింది. తెర మీద తొట్టి అంతా పచ్చగా, వానాకాలపు వరిమడిలా కనబడింది.

"చూసినవా రోజా," అన్నాడు మురళీమోహన్ కుర్చీ వెనక నిలబడి. "నేను చెప్పలే? పన్నెండు సరిపోతదని. ఇరవై ఏండ్ల సంది చేస్తున్న, నాకు తెల్వదా?"

"జర ఆగుండ్రి సార్," అంది ఆమె.

ఎడమవైపు రాసుకున్న అంకె నలభై ఎనిమిది వేల రెండు వందల పదహారు. కుడివైపు వచ్చింది నలభై ఎనిమిది వేల ఎనభై ఎనిమిది. నూట ఇరవై ఎనిమిది నోడ్లు కనబడటం లేదు. ఆమె నడుమ గీత గీయలేదు. నూట ఇరవై ఎనిమిదిని నాలుగుతో భాగిస్తే ముప్పై రెండు. అడ్డుపలకలు నాలుగు. ఒక్కో అడ్డుపలక అంచుకు ముప్పై రెండు నోడ్లు. దగ్గరికి జరిపి చూస్తే సందు లేదు. స్వయం కలయిక ఆ పది మిల్లీమీటర్లను లెక్కచేయకుండా అడ్డుపలకలను తొట్టికి అతికించేసి, ఎదురెదురు నోడ్లను రెంటినీ ఒకటి చేసింది. నాలుగు చోట్ల కూర్చోవలసిన తొట్టి ఎనిమిది చోట్ల కూర్చున్నట్టు లెక్క వచ్చింది. ఆ పచ్చదనం అక్కడి నుంచి వచ్చిందే.

ఆమె వెంటనే హైదరాబాదు కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. అవతల పలికిన యువకుడి పేరు రాకేష్.

"నమస్కారం మేడం, భారవాహి సహాయ కేంద్రానికి స్వాగతం. మీ సమస్యను వివరించగలరా?"

ఆమె వివరించింది. అతడు శ్రద్ధగానే విన్నాడు, మధ్యలో రెండుసార్లు 'అర్థమైంది' అన్నాడు, చివరికి అభిప్రాయ పత్రం ఒకటి పంపుతున్నాననీ అందులో రాయమనీ చెప్పాడు. ఫోన్ పెట్టే ముందు గొంతు మారింది.

"మేడం, ఒక చిన్న రిక్వెస్టు. పైన స్టార్లుంటయి. ఐదు ఇయ్యండి మేడం, మీకు పుణ్యముంటది. నాలుగిచ్చినా మాకు సున్నా కిందనే లెక్క."

"నీదేవూరు తమ్మీ?"

"మక్తల్ అక్కా." అంతసేపూ 'మేడం' అన్నవాడు ఊరి పేరు రాగానే మనిషైపోయాడు.

ఇక్కడే రోజారమణి పొరపాటు చేసింది. మన జిల్లాల్లో పుట్టినవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు. పెండ్లికి పోయినవాళ్లు పప్పులో ఉప్పు లేకున్నా చేయి కడుక్కుంటూ 'మంచిగున్నది' అనే వస్తారు. వండినవాళ్ల కష్టం చూసి అంటారు, రుచి చూసి కాదు. ఆమె ఐదు నక్షత్రాలూ నొక్కింది. రాత కూడా మర్యాదతోనే మొదలుపెట్టింది: కొత్త సౌకర్యం చాలా వేగంగా ఉంది, నలభై నిమిషాల పని తొమ్మిదింట్లో అవుతున్నది, మీ శ్రమకు కృతజ్ఞతలు. అసలు సంగతి ఆ తర్వాత, మూడో పేరాలో, 'అయితే ఒక చిన్న విషయం' అంటూ వచ్చింది. మనుషుల మీద పడగల తొట్టిని చిన్న విషయం చేసింది ఆ మొహమాటమే.

వారానికి జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. మీ సంతృప్తి మాకు ఆనందం, మీ వినతి పరిష్కరించబడినది. ఏం పరిష్కరించారో, ఎవరు పరిష్కరించారో లేదు. అభిప్రాయం చెప్పండి, చెప్పండి అని వెంటపడే సంస్థలు దేశంలో పెరిగాయి. బ్యాంకు అడుగుతుంది, దవాఖాన అడుగుతుంది, గ్యాసు బండ తెచ్చినవాడు అడుగుతాడు. చెప్పింది చదవడానికి మాత్రం ఎక్కడా ఒక మనిషిని కూర్చోబెట్టరు. మూలలో అభిప్రాయాల పెట్టె వేలాడదీసి తాళంచెవి పారేసిన పాత ఆఫీసులకూ వీటికీ తేడా ఏమిటంటే, ఆ పెట్టెకు కనీసం దుమ్మయినా పట్టేది.

మార్చి నాలుగున మురళీమోహన్ ఒక కాగితం పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. కంపెనీ తన వినియోగదారులందరికీ పంపే సమాచార పత్రం అది. నడిమధ్య, రంగు గడిలో, అందమైన అక్షరాల్లో ఇలా ఉంది: 'కొత్త సౌకర్యం చాలా వేగంగా ఉంది, నలభై నిమిషాల పని తొమ్మిదింట్లో అవుతున్నది. – రోజారమణి, నల్లగొండ.'

"గిదేంది మరి?" అన్నాడు మురళీమోహన్. కోపం కన్న ఆశ్చర్యం ఎక్కువగా ఉంది ఆ గొంతులో. "నాతోనేమో తప్పంటవ్, ఊరందరికేమో మంచిగున్నదని చెప్తవ్. దేన్ని నమ్మాలె?"

"కింద అసలు సంగతి రాసిన సార్. అది ఎయ్యలేదు వాళ్లు."

"రాస్తే ఎందుకెయ్యరు?"

"ఐదు స్టార్లిచ్చిన గదా. మెచ్చుకునేటోళ్ల దాంట్ల కలిపిన్రు."

"మరెందుకిచ్చినవ్?"

"అడిగిండు సార్ పాపం."

మురళీమోహన్ నెత్తి కొట్టుకున్నాడు. "పదకొండో తారీకు శుక్రవారం డ్రాయింగు పోవాలె. నువ్వు సంతకం పెట్టనంటే ఇంకొకరితోని పెట్టిస్త. బీటెక్కులు బజార్ల దొరుకుతున్నరు. నీ మీద కోపం కాదు రోజా. మాట ఇచ్చిన, మాట తప్పితే మళ్లా పిలువరు."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. అయితే గుచ్చుకున్నది ఉద్యోగం గురించిన భయం కాదు. డ్రాయింగు కింద ఎవరి సంతకమున్నా తొట్టి కూర్చునేది ఆ బ్రాకెట్ల మీదే. ఆ సందును లెక్క పూడ్చేసిందని ఈ లోకంలో పట్టుకున్నది తాను ఒక్కతే. తాను పక్కకు తప్పుకుంటే ఆ సందు కూడా కాగితం మీద నుంచి తప్పుకుంటుంది.

వర్క్‌షాపులో వెల్డింగు మేస్త్రి ఏసోబు ఈ మాటలన్నీ విన్నాడు. యాభై దాటిన మనిషి. ఫ్యాక్టరీలో తొట్టిని పైకెక్కించి బిగించేది అతడి జట్టే, తొలిసారి క్లింకర్ నింపినప్పుడు కింద నిలబడేదీ అతడే. అతడు రెండు పాత ప్లేటు ముక్కలు తెచ్చి మురళీమోహన్ కాళ్ల ముందర నేల మీద పక్కపక్కన పరిచాడు. నడుమ వేలు పట్టేంత సందు వదిలాడు.

"సార్, గీ పలకను తన్నుండ్రి."

"ఏందయ్యా నీ యవ్వారం?"

"తన్నుండ్రి సార్, మీ పలకనే గదా."

మురళీమోహన్ బూటుతో తోశాడు. ఆ పలక జానెడు జరిగింది. రెండోది కదల్లేదు.

"కదిలిందా రెండోది?"

"ఎందుకు కదుల్తది? అతుకు లేదు గదా."

"గదే సార్ బిడ్డ చెప్తున్నది. గా కంప్యూటరు అతుకున్నదంటున్నదట. నేను వెల్డింగు కొట్టకుంటనే అతుకుపడితే ఇంక నాకు జీతమెందుకు?"

మురళీమోహన్ నవ్వాపుకోలేకపోయాడు. నవ్విన మనిషి కొంత మెత్తబడ్డాడు కూడా. "గీ రెండు పలకల లెక్కనే కంప్యూటర్ల చేసి చూపియ్యి. తప్పని తేలితే నేనే హైదరాబాదుకు ఫోన్ చేస్త. తేలకపోతే శుక్రవారం పేచీ పెట్టొద్దు."

ఆమె అప్పటికప్పుడు రెండు పలకలు గీసింది. ఒక్కోటి అడుగు పొడవు, నడుమ పది మిల్లీమీటర్ల సందు. స్వయం కలయిక నడిపి ఒకదాన్ని లాగింది. రెండోది కదల్లేదు. నోడ్లు తగ్గలేదు. సాఫ్ట్‌వేర్ నిక్షేపంగా పనిచేసింది.

మురళీమోహన్ వెళ్తూ వెళ్తూ ఏసోబు తెచ్చిన ముక్కలను కాలితో గోడవైపు నెట్టి వెళ్లాడు. "మేడిపండు లెక్కనే ఉన్నది బిడ్డా యవ్వారం, పైకి మంచిగనే కనబడ్తది," అన్నాడు ఏసోబు. ఓదార్పుకు అన్నమాటే గాని ఆమెకు అది సహాయపడలేదు.

ఆదివారం ఆమె గట్టుప్పల వెళ్లింది. నరహరి పోయి నాలుగేళ్లయింది. వెంకటనర్సమ్మ భుజం నొప్పితో ఆసు తగ్గించింది గాని మానలేదు. కూతురు ముఖం చూసి విషయం అడిగింది. కూతురు చెప్పింది. తొట్టి, నోడ్లు, సాఫ్ట్‌వేర్ అన్నీ ఆమెకు అర్థం కావాలని లేదు, ఆమె కూడా అర్థమైనట్టు నటించలేదు. పోయిన లెక్కకూ వచ్చిన లెక్కకూ తేడా వచ్చిందనీ, చిన్న ముక్క చేసి చూస్తే తేడా రాలేదనీ మాత్రం పట్టుకుంది.

"ఎంత ముక్క చేసినవే?"

"అడుగు."

"తొట్టి ఎంతుంటది?"

"పద్నాలుగు మీటర్లు."

వెంకటనర్సమ్మ కూతురి వైపు జాలిగా చూసింది. "చేతిరుమాలంత నేసి చీరె మంచిగున్నదంటరా ఎవలన్న? మేకు వెంట్రుకంత పక్కకు జరిగితే రుమాలుల తెల్వదు. చీరె పొడుగు పోతే జానెడు తప్పుపోతది. గింత సదివి గది తెల్వదా నీకు?"

"తెలుసమ్మా."

"తెలిస్తె ఎందుకు చెయ్యలే?"

"యాదికి రాలే."

"బువ్వ తిను. రేపు యాదికొస్తది అన్నీ."

రేపటిదాకా ఆగలేదు. తిరుగు బస్సులోనే ఆమె టికెట్టు వెనక అంకెలు వేసుకుంటూ వచ్చింది. సోమవారం పొద్దున్నే పలకలను అలాగే ఉంచి పొడవు పెంచుతూ పోయింది. సందు మాత్రం ఎప్పుడూ పది మిల్లీమీటర్లే. ఒక మీటరు: సరిగా ఉంది. మూడు, ఆరు, ఎనిమిది: సరిగా ఉంది. తొమ్మిదిన్నర: సరిగానే ఉంది. పదిన్నర మీటర్లకు పెంచి ఒక పలకను లాగితే రెండోది దాని వెంట వచ్చింది. పది మీటర్లకు అటు ఒక లోకం, ఇటు ఒక లోకం. పది మీటర్లలో వెయ్యో వంతు పది మిల్లీమీటర్లు. అంటే ఈ సాఫ్ట్‌వేర్ వస్తువు మొత్తం పొడవులో వెయ్యో వంతు కన్న చిన్నదైన ప్రతి సందునూ సందే కాదనుకుని పూడుస్తున్నది. అరచేతిలో పట్టే యంత్రభాగానికి ఆ వెయ్యో వంతు వెంట్రుకవాసి, ఎవరికీ కనబడదు. పద్నాలుగు మీటర్ల తొట్టికి అది పద్నాలుగు మిల్లీమీటర్లు. అందులో ఏసోబు వేలు పడుతుంది.

ఈసారి అభిప్రాయ పత్రం నింపే ముందు ఆమె రాకేష్‌కు ఫోన్ చేసింది.

"తమ్మీ, ఒక మాట ముందుగాల చెప్తున్న, తర్వాత అక్క చెప్పలేదనకు. ఈసారి ఒక్కటే స్టారిస్తున్న. నీకేమన్న నష్టమైతదా?"

"నెల మార్కుల్ల తగ్గుతది అక్కా," అన్నాడు రాకేష్. తర్వాత గొంతు తగ్గించి, "కానీ ఒకటి చెప్తా, నేను చెప్పిన్నని అనకుండ్రి. ఐదు వచ్చినయి ప్రచారమోళ్లకు పోతయి. ఒక్కటి వచ్చినయి సీదా తయారుచేసేటోళ్ల బల్ల మీదికి పోతయి. నడుమ ఎవ్వరూ ఆపరు. ఇయ్యండి అక్కా, ఒక్కటే ఇయ్యండి."

"మరి గప్పుడు చెప్పలేదేంది?"

"నేను స్టార్లడిగినాక గదా మీరు ఊరు అడిగింది."

ఆమె నవ్వింది, ఆ నవ్వులో కొంత చివాటు కూడా ఉంది. ఒక్క నక్షత్రం నొక్కింది. ఈసారి కృతజ్ఞతలు లేవు. మొదటి వాక్యమే ఇలా ఉంది: 'మీ స్వయం కలయిక వల్ల ప్రమాదకరమైన తొట్టి భద్రమైనదిగా కనబడుతున్నది, దాని కింద మనుషులు పనిచేస్తారు.' దాని కింద తొమ్మిదిన్నర మీటర్ల పలకల ఫలితం, పదిన్నర మీటర్ల పలకల ఫలితం, నోడ్ల సంఖ్య ముందు ఎంతో తర్వాత ఎంతో. నోటుబుక్కు పేజీ ఫొటో కూడా తీసి జతచేసింది. మొత్తం ఒక పేజీ దాటలేదు. ఆ కాగితం సివిల్ కోర్టులో వాదించడానికి కూడా పనికొచ్చేలా ఉంది.

మంగళవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. పలికింది శ్రీవాణి అనే ఆమె, భారవాహిని తయారుచేసే జట్టుకు పెద్ద.

"రోజారమణి గారూ, మీరు పంపింది ఇక్కడ మేం చేసి చూశాం. మీరు చెప్పినట్టే వచ్చింది. నాకొకటి చెప్పండి, మా దగ్గర ఆరుగురు పరీక్షించారు, ఎవరికీ దొరకలేదు. మీకెట్లా దొరికింది?"

"మీరు దేని మీద పరీక్షించిన్రు మేడం?"

"గేర్లు, పంపు భాగాలు, కార్ల బ్రాకెట్లు..."

"మీటరు దాటినయి ఉన్నయా?"

"లేవండి," అంది శ్రీవాణి. ఆ ఒక్క మాటను సాకులు కలపకుండా చెప్పినందుకు రోజారమణికి ఆమె మీద గౌరవం కలిగింది. "నోడ్లు ముందూ వెనకా లెక్కపెట్టడం మీకు ఏ శిక్షణలో నేర్పారు?"

"మా అమ్మ నేర్పింది. ఆసు పోస్తది."

అవతలివైపు కాగితం మీద పెన్ను కదులుతున్న చప్పుడు వినిపించింది. అటుపైన ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. శ్రీవాణి అడిగింది, రోజారమణి చెప్పింది: సాఫ్ట్‌వేర్ తనంతట తాను కలపకూడదు, ఎన్ని నోడ్లు కలపబోతున్నదో, ఎక్కడ కలపబోతున్నదో చూపి, కలపమంటావా అని అడగాలి. ముందు లెక్క, తర్వాత లెక్క తెర మీద పక్కపక్కన ఉండాలి. వస్తువు పొడవును బట్టి కాదు, సందు ఎంతో మనిషిని అడిగి నిర్ణయించాలి.

"ఇంకేమన్నా?" అంది శ్రీవాణి.

"ఉన్నది. మీ అభిప్రాయ పత్రంల స్టార్లు తీసెయ్యండి. తీసెయ్యకుంటే కనీసం పిల్లలతోని అడిగించకుండ్రి."

శ్రీవాణి పెద్దగా నవ్వి, అది తన చేతిలో లేదు గాని పైవాళ్లకు రాస్తానంది. నిజంగానే రాసింది, దాని నకలు రోజారమణికి కూడా పంపింది. నక్షత్రాలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. అన్నీ ఒక్క ఉత్తరంతో మారవు.

గురువారం, మార్చి పదిన, కంపెనీ ముద్రతో లేఖ వచ్చింది. తొమ్మిదో విడుదలలోని స్వయం కలయిక పెద్ద నిర్మాణాల విషయంలో తప్పు ఫలితాలు ఇస్తున్నదనీ, సవరణ వచ్చేవరకు దాన్ని ఎవరూ వాడవద్దనీ, ఇప్పటికే వాడినవాళ్లు తమ లెక్కలు తిరిగి చూసుకోవాలనీ వినియోగదారులందరికీ రాసిన లేఖ అది. తప్పు కనిపెట్టినది నల్లగొండకు చెందిన రోజారమణి అని అందులో ఉంది. ఈసారి ఆమె రాసినదాంట్లో మొదటి వాక్యాన్నే, ఒక్క అక్షరం కత్తిరించకుండా వేశారు.

మురళీమోహన్ ఆ లేఖను రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎంత కావాలె?" అన్నాడు.

"కింది భాగమంతా పదహారు మిల్లీమీటర్లు సార్. పన్నెండున్నర టన్నులు అయితది."

"ఒకటిన్నర ఎక్కువ."

"అవును సార్."

"నేను మాట ఇచ్చిన రోజా."

"నాకు తెలుసు సార్." చెప్పవలసింది చెప్పాక మాటలు పెంచితే బరువు తగ్గుతుందని ఆమెకు తెలుసు.

అతడు కిటికీలోంచి బయటికి చూశాడు. ఏసోబు జట్టు వేరే పనికి సంబంధించిన మెట్లు బిగిస్తూ ఎవరి మీదో ఏదో పరాచికం ఆడుతున్నది. మురళీమోహన్ ఫోన్ తీసి ఫ్యాక్టరీ ఇంజనీరుకు కలిపాడు. ఇరవై ఏళ్లలో ఎన్నడూ అనని మాట అన్నాడు.

"సార్, నమస్తే. గా క్లింకర్ తొట్టి గురించి. పదకొండు టన్నులని నేను చెప్పింది తప్పు. పన్నెండున్నర అయితది. లేదు సార్, బేరానికి కాదు. ఎందుకంటే... ఆగుండ్రి, లెక్క చేసిన మనిషి ఇక్కడనే ఉన్నది, ఆమెతోనే వినుండ్రి."

ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పావుగంట మాట్లాడింది. అవతలి ఇంజనీరు మొదట విసుక్కున్నాడు, తర్వాత ప్రశ్నలు అడిగాడు, తర్వాత ప్రశ్నలు మానేసి రాసుకోవడం మొదలుపెట్టాడు. చివరికి అతడు అడిగిన ప్రశ్న ఆమె ఊహించనిది: నిరుడు పక్క ప్లాంటులో ఇంకెవరో కట్టించిన తొట్టి ఒకటుంది, అది కూడా ఈ సాఫ్ట్‌వేర్ మీదే లెక్క కట్టారు, ఏ విడుదలో తెలియదు, వచ్చి ఒకసారి చూడగలరా అని.

"డ్రాయింగు ఉన్నదా సార్ దానిది?"

వెతికిస్తానన్నాడు. దొరక్కపోతే కొలతలు తామే తీసుకుంటామని ఆమె చెప్పింది. సోమవారం అనుకున్నారు.

డ్రాయింగు శుక్రవారమే వెళ్లింది, పదహారు మిల్లీమీటర్ల ప్లేటుతో, ఆమె సంతకంతో. మధ్యాహ్నానికి ప్లేట్లు దిగాయి. ఏసోబు మొదటి ప్లేటు మీద సుద్దతో గీతలు కొట్టి, కొలత సరిచూడమని ఆమెను కిందికి పిలిచాడు.

"బిడ్డా, సోమవారం నన్ను గూడ తీస్కపో," అన్నాడు టేపు అవతలి కొన పట్టుకుని. "పక్క ప్లాంటుల గా తొట్టి కింద మా అక్క కొడుకు చేస్తున్నడు. వానికి చెప్పొద్దు ఇప్పుడే, జడుసుకుంటడు. చూసినాక చెప్దం."

"పొద్దుగాల ఆరింటికి బస్సు కాకా. సామాన్లు తీస్కరా, నిచ్చెన అక్కడుంటదో లేదో."

"నిచ్చెన నేనే తెస్త," అని ఏసోబు అద్దాలు కళ్ల మీదికి లాగి గ్యాసు వెలిగించాడు.